డైనమిక్ డి.ఎన్.ఎస్. దోష నివారణ సూచికలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• డైనమిక్ డి.ఎన్.ఎస్. ఏ అవసరం కోసం పుట్టిందో, ఏ పరిధిలో పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌ను చేరలేనప్పుడు లోపం ఎక్కడుందో క్రమపద్ధతిలో గుర్తించగలుగుతారు.
• సాధారణంగా దొరికే దోష నివారణ సూచికల గుణదోషాలను విమర్శనాత్మకంగా అంచనా వేయగలుగుతారు.

1.1 పరిచయం

కవిత్వాన్ని, కథను విమర్శించడం మనకు అలవాటే. ఒక యంత్రం పనిచేయనప్పుడు ఏం చేయాలో చెప్పే చిన్న కాగితాన్ని మాత్రం ఎవరూ విమర్శించరు. అది చెప్పినట్టు చేస్తాం. పని జరిగితే కాగితాన్ని మరచిపోతాం, జరగకపోతే మనల్ని మనమే నిందించుకుంటాం. ఈ రెండో అలవాటు ప్రమాదకరమైనది. దోష నివారణ సూచిక కూడా ఒక రచనే. దానికీ ఒక పాఠకుడు ఉంటాడు, కొన్ని ఊహలు ఉంటాయి, ఒక క్రమం ఉంటుంది. ఆ ఊహలు తప్పైనప్పుడు, సూచికను అక్షరాలా పాటించిన మనిషే ఓడిపోతాడు.

ఈ మాట నేను ఇతరులను ఉద్దేశించి మాత్రమే అనడం లేదు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను కూడా అలాంటి సూచికను తయారుచేసి విద్యార్థులకు పంచాను. అది ఎక్కడ తప్పిందో విరమణ తర్వాత నకిరేకల్‌లో తెలిసింది. ఆ అనుభవమే ఈ పాఠానికి ఆధారం.

1.2 డైనమిక్ డి.ఎన్.ఎస్.: పుట్టుక, పనితీరు

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ అంకెల చిరునామా, అంటే ఐ.పి. అడ్రసు ఉంటుంది. అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టం కనుక పేర్లను అంకెలుగా మార్చి చెప్పే వ్యవస్థను పాల్ మోకాపెట్రిస్ 1983లో రూపొందించాడు. అదే డొమైన్ నేమ్ సిస్టమ్, క్లుప్తంగా డి.ఎన్.ఎస్. 1987 నవంబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1034, 1035 పత్రాలు దీనికి నేటికీ పునాది. పేరుకు, అంకెకు మధ్య ఉన్న సంబంధం అరుదుగా మారుతుందన్నది ఆనాటి ఊహ. అందుకే అడిగిన జవాబును కొంతసేపు దాచుకుని మళ్లీ వాడుకునే ఏర్పాటు ఇందులో ఉంది. ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే అంకెను టి.టి.ఎల్. అంటారు.

ఇళ్లకు ఇంటర్నెట్ వచ్చాక ఈ ఊహ చెదిరింది. సేవాసంస్థలు ఇంటి కనెక్షన్‌కు శాశ్వత అడ్రసు ఇవ్వలేదు. రౌటర్ ఆగి మళ్లీ మొదలైన చాలా సందర్భాల్లో కొత్త అడ్రసు వస్తుంది. కిరాయి ఇల్లు మారిన ప్రతిసారీ పోస్టాఫీసుకు వెళ్లి కొత్త చిరునామా చెప్పి వచ్చే మనిషిని ఊహించుకోండి. డైనమిక్ డి.ఎన్.ఎస్. చేసే పని అదే. ఇంట్లోని రౌటర్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే చిన్న ప్రోగ్రాం తన అడ్రసు మారిందని గమనించి, పేర్లు నమోదుచేసే సంస్థకు కబురు పంపుతుంది. డి.ఎన్.ఎస్. రికార్డులను ఇలా అప్పటికప్పుడు మార్చే ప్రామాణిక విధానాన్ని 1997 ఏప్రిల్‌లో ఆర్.ఎఫ్.సి. 2136 నిర్వచించింది. ఇంటి వాడకందారులకు సేవలందించే సంస్థలు ఎక్కువగా వెబ్ ద్వారా నడిచే ఇంకా సులభమైన పద్ధతిని వాడతాయి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా గుర్తుంచుకోవాలి. డైనమిక్ డి.ఎన్.ఎస్. చిరునామాను చెబుతుంది, అంతవరకే. తలుపు తెరవడం దాని పని కాదు. ఆ చిరునామాకు నిజంగా దారి ఉందా లేదా అన్నది కూడా దానికి తెలియదు.

1.3 సూచిక చెప్పేది

ఈ విషయంపై దొరికే సూచికలు దాదాపు అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. నేను పంచినదీ అంతే:

(1) డైనమిక్ డి.ఎన్.ఎస్. ఖాతాలో పేరు, పాస్‌వర్డ్ సరిచూడండి. (2) ప్రోగ్రాం అడ్రసును పంపుతోందో లేదో చూడండి. (3) రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ సరిచూడండి. (4) ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమో చూడండి. (5) రౌటర్‌ను ఆపి మళ్లీ వేయండి. (6) అప్పటికీ కుదరకపోతే మీ ఇంటర్నెట్ సంస్థను సంప్రదించండి.

పైపైన చూస్తే లోపమేమీ కనిపించదు. ప్రతి అంశమూ నిజమే. సమస్య వాటి క్రమంలోనూ, వాటి వెనుక ఉన్న ఊహలోనూ ఉంది.

1.4 నకిరేకల్ ఉదాహరణ

హైదరాబాదు–విజయవాడ రహదారి మీద ఉన్న నకిరేకల్‌కు నిమ్మ మార్కెట్టుతో పేరు. అక్కడ కమీషన్ వ్యాపారం చేసే ఒక కుటుంబంలోని యువకుడు దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాడు. రైతులకు ఇవ్వాల్సిన సొమ్ము, లారీల లెక్క, బస్తాల తూకం అన్నీ ఇంట్లోని కంప్యూటర్‌లో ఉంటాయి. సరుకు వెంట హైదరాబాదు వెళ్లినప్పుడు ఆ లెక్కలను అక్కడి నుంచే తెరవాలని ఆయన కోరిక. రైతు ఫోన్ చేసి "నా పైసలెన్ని ఉన్నయి?" అని అడిగితే అక్కడే జవాబు చెప్పాలి. "ఇంటికి పోయి చూసి చెప్త" అంటే నమ్మకం తగ్గుతుంది.

ఒక ఆదివారం కాంటాక్టు తరగతి ముగిశాక ఆయన నా దగ్గరకు వచ్చాడు. చేతిలో మడతలు పడిన జెరాక్స్ కాగితం ఉంది. అది నా పాత సూచికే. ప్రతి అంశం పక్కనా మూడేసి నాలుగేసి టిక్కులు. మూడు వారాలు ప్రయత్నించానని, రౌటర్ పాడైందేమోనని కొత్తది కూడా కొన్నానని చెప్పాడు. చివరకు, "సార్, నాకు ఈ సబ్జెక్టు రాదేమో. వేరేది తీసుకుంట" అన్నాడు.

మరునాడు వాళ్లింటికి వెళ్లాను. డైనమిక్ డి.ఎన్.ఎస్. ప్రోగ్రాం "గుడ్" అని జవాబు చూపిస్తోంది, అంటే అడ్రసు నమోదైంది. బయటి నుంచి ఆ పేరు అడిగితే వచ్చే అంకె, "నా అడ్రసేమిటి" అని అడిగితే వెబ్‌సైటు చూపే అంకె ఒక్కటే. పోర్ట్ ఫార్వర్డింగ్‌లో ఒక్క అక్షరం తప్పులేదు. ఆ తర్వాత ఇంటర్నెట్ సంస్థవారు పెట్టిన మోడెమ్ లోపలి పేజీ తెరిచాం. బయటివైపు అడ్రసు అన్న చోట 100.70తో మొదలయ్యే అంకె ఉంది. వెబ్‌సైటు చూపిన అంకె వేరు. మూడు వారాల శ్రమకు కారణం ఆ ఒక్క వరుసలో కనిపించింది. ఆయన ఇంటికి ఇంటర్నెట్‌లో సొంత చిరునామాయే లేదు.

1.5 కారణం: పంచుకున్న చిరునామా

పాత పద్ధతి ఐ.పి. అడ్రసు, అంటే వెర్షన్ 4 అడ్రసు, 32 బిట్లతో ఉంటుంది. అందువల్ల మొత్తం సాధ్యమయ్యేవి 429 కోట్ల పైచిలుకు మాత్రమే. ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంతపు నిల్వ కూడా చివరి వాటాకు చేరి, పంపిణీ కట్టుదిట్టమైంది. ఆ తర్వాత పెద్దఎత్తున కనెక్షన్లు ఇచ్చిన సంస్థలకు ఇంటికొక అడ్రసు ఇచ్చే వీలు లేకపోయింది. అందుకే ఒకే అడ్రసును అనేక ఇళ్లకు పంచే పద్ధతిని ఎంచుకున్నాయి. దీన్నే క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. దీనికోసం 2012 ఏప్రిల్‌లో ఆర్.ఎఫ్.సి. 6598 ద్వారా 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు 41,94,304 అడ్రసులను ప్రత్యేకంగా కేటాయించారు.

ఒకే గేటు, ఒకే వాచ్‌మన్ ఉన్న పెద్ద అపార్టుమెంటును ఊహించుకోండి. లోపలివారు బయటకు వెళ్తే వాచ్‌మన్ గుర్తుపెట్టుకుంటాడు, తిరిగి రాగానే పంపిస్తాడు. తెలియని మనిషి గేటు దగ్గరకు వచ్చి ఫ్లాటు నెంబరు లేకుండా "ఇంట్లోకి పోవాలి" అంటే ఎవరి ఇంట్లోకని పంపాలి? తిప్పి పంపేస్తాడు. మీ ఫ్లాటు తలుపు బార్లా తెరిచి పెట్టినా, అంటే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చక్కగా చేసినా, ఆ మనిషి గేటు దాటి రాలేడు. డైనమిక్ డి.ఎన్.ఎస్. అతనికి అపార్టుమెంటు చిరునామా సరిగ్గానే చెప్పింది. అందుకే "గుడ్" అన్నది.

1.6 విమర్శ: మూడు లోపాలు

మొదటిది, సూచిక వెనుక ఉన్న ఊహ. ఇంటి రౌటర్‌కు పబ్లిక్ అడ్రసు ఉంటుందని సూచిక నమ్ముతుంది, కానీ ఆ మాట ఎక్కడా చెప్పదు. చెప్పి ఉంటే పాఠకుడు తనకు ఆ అడ్రసు ఉందో లేదో చూసుకునేవాడు. చెప్పని ఊహను పరీక్షించడానికి పాఠకుడికి అవకాశమే ఉండదు.

రెండోది, క్రమం. మొదట అడగాల్సిన ప్రశ్న ఆరో అంశంలో, "సంస్థను సంప్రదించండి" అన్న ముక్కలో దాగి ఉంది. సంప్రదించి ఏమని అడగాలి? అది రాయలేదు. మన యువకుడు ఫోన్ చేసి "నెట్ పనిచేస్తలేదు" అన్నాడు. అవతలివారు చూసి "మీ లైను బాగానే ఉంది" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ దానివల్ల ఆయనకు ఉపయోగం కూడా లేదు. "నా కనెక్షన్ నాట్ వెనుక ఉందా? పబ్లిక్ అడ్రసు ఇస్తారా? దానికి ఎంత?" అని అడగాలని సూచిక నేర్పి ఉంటే సంభాషణ వేరుగా ఉండేది.

మూడోది, అన్నిటికన్నా బరువైనది. విజయానికి సూచిక పెట్టిన గుర్తులు తప్పుదారి పట్టిస్తాయి. పేరు సరైన అంకెకు మారడం, ప్రోగ్రాం "గుడ్" అనడం, ఫార్వర్డింగ్ పట్టికలో వరుస కనిపించడం, ఇవన్నీ దారి లేని ఇంట్లో కూడా సరిగ్గానే ఉంటాయి. అంటే ఈ పరీక్షలు బాగున్న స్థితికి, బాగులేని స్థితికి తేడా చూపలేవు. తేడా చూపలేని పరీక్షను ఎన్నిసార్లు చేసినా కొత్త జ్ఞానం రాదు. నమ్మకం మాత్రం కరిగిపోతుంది. మూడు వారాల తర్వాత "నాకు ఈ సబ్జెక్టు రాదు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

1.7 సూచికల పక్షాన రెండు మాటలు

విమర్శ న్యాయంగా ఉండాలంటే రెండో వైపు కూడా చెప్పాలి. ఈ సూచికల మూస తయారైన కాలంలో ఇంటి కనెక్షన్‌కు మారే అడ్రసు అయినా పబ్లిక్ అడ్రసే రావడం మామూలు. అప్పుడు ఖాతా, ప్రోగ్రాం, ఫార్వర్డింగ్ అన్న వరుస సరిపోయింది. నేటికీ పబ్లిక్ అడ్రసు ఉన్న ఇంటికి అది పనికొస్తుంది. సులభమైన పరీక్షను ముందు పెట్టడం అన్న సూత్రం కూడా మంచిదే. అయితే రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడడం అన్నిటికన్నా సులభం, దానికి రెండు నిమిషాలు చాలు. కాబట్టి అదే సూత్రం ప్రకారం కూడా మొదటి స్థానం దానిదే. నా తప్పు ఏమిటంటే, పాత వరుసను కొత్త పరిస్థితికి సరిచూడకుండా ఏటేటా జెరాక్స్ తీయించడం.

1.8 మార్చిన క్రమం

పై విమర్శ ఆధారంగా సూచికను ఇలా తిరగరాయవచ్చు. ప్రతి మెట్టూ ఒక ప్రశ్న. జవాబు తేలాకే తర్వాతి మెట్టు.

మెట్టు 1: నాకు దారి ఉందా? మోడెమ్ పేజీలో బయటివైపు అడ్రసును, వెబ్‌సైటు చూపే అడ్రసును పోల్చండి. రెండూ ఒకటైతే మెట్టు 2కు వెళ్లండి. వేరైతే మోడెమ్ చూపిన అంకెను గమనించండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే సంస్థ అడ్రసును పంచుతోందని అర్థం. 10తోనో, 192.168తోనో, 172.16 నుంచి 172.31 మధ్యనో మొదలైతే రెండు అవకాశాలున్నాయి. సంస్థే అలాంటి ప్రైవేటు అడ్రసు ఇస్తుండవచ్చు. లేదా మీరు చూస్తున్నది మోడెమ్ వెనుక పెట్టిన రెండో రౌటర్ పేజీ కావచ్చు. రెండో రౌటర్ అయితే అసలు మోడెమ్ పేజీ తెరిచి మళ్లీ చూడండి.

మెట్టు 2: పేరు సరైన చోటు చూపుతోందా? ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో ఆ పేరుకు ఏ అంకె వస్తుందో అడగండి. కంప్యూటర్‌లో అయితే ఎన్‌ఎస్‌లుకప్ ఆదేశం ఉంది. పాత అంకె వస్తే టి.టి.ఎల్. గడువు ముగిసేదాకా ఆగి మళ్లీ అడగండి. అప్పటికీ పాతదే అయితే లోపం ఖాతాలోనో ప్రోగ్రాంలోనో ఉంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఈ సమస్య వస్తుంటే, రౌటర్‌తో పాటు ఆ ప్రోగ్రాం కూడా తనంతట తాను మొదలవుతోందో లేదో చూడండి.

మెట్టు 3: లోపలి యంత్రం అక్కడే ఉందా? ఫార్వర్డింగ్ ఒక లోపలి అడ్రసుకు కట్టుబడి ఉంటుంది. రౌటర్ ఆ యంత్రానికి రేపు వేరే అడ్రసు ఇస్తే ఫార్వర్డింగ్ ఖాళీ చోటుకు పోతుంది. అందుకే ఆ యంత్రానికి అడ్రసు రిజర్వు చేయాలి.

మెట్టు 4: ఎలా విఫలమవుతోంది? "నిరాకరించబడింది" అని వెంటనే వస్తే ఏదో ఒక యంత్రం దాకా చేరారు, అక్కడ ఆ సేవ నడవడం లేదు. చాలాసేపు ఆగి "గడువు ముగిసింది" అని వస్తే కబురు మధ్యలోనే పోతోంది. ఫైర్‌వాల్ గానీ, సంస్థ మూసిన పోర్టు గానీ కారణం కావచ్చు.

మెట్టు 5: పరీక్ష నిజంగా బయటి నుంచి చేస్తున్నానా? ఇంటి వైఫైలో ఉండి ఇంటి బయటి పేరును అడిగితే కొన్ని రౌటర్లు ఆ కబురును వెనక్కి తిప్పలేవు. బయట పనిచేస్తున్నది కూడా లోపలి నుంచి పనిచేయనట్టు కనిపిస్తుంది. పరీక్ష ఎప్పుడూ మొబైల్ డేటాతోనే చేయండి.

1.9 దారి లేనప్పుడు దారి

మెట్టు 1లోనే ఆగిపోయినవారికి మూడు మార్గాలున్నాయి. ఒకటి, అదనపు రుసుము కట్టి సంస్థ నుంచి స్థిరమైన పబ్లిక్ అడ్రసు తీసుకోవడం. రెండు, ఐ.పి. వెర్షన్ 6. ఇందులో అడ్రసు 128 బిట్లు కనుక కొరత లేదు, ఇంట్లో ప్రతి యంత్రానికీ సొంత అడ్రసు రావచ్చు. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక మన దేశంలో దీని వాడకం వేగంగా పెరిగింది. అయితే రెండు చివరలా ఇది ఉండాలి, రౌటర్ ఫైర్‌వాల్‌లో అనుమతి ఇవ్వాలి, అడ్రసు ఇక్కడా మారవచ్చు కనుక డైనమిక్ డి.ఎన్.ఎస్. అవసరం మిగిలే ఉంటుంది.

మూడోది, దిశను తిప్పడం. వాచ్‌మన్ బయటకు వెళ్లేవారిని ఆపడు కదా! ఇంటి కంప్యూటరే బయట అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్‌కు కనెక్షన్ కలిపి ఉంచుతుంది. హైదరాబాదులో ఉన్న మనిషి ఆ సర్వర్ ద్వారా ఇంటికి చేరతాడు. వైర్‌గార్డ్ వంటి ప్రోగ్రాములు ఈ పని చేస్తాయి. ఎక్కువసేపు కబురు లేకపోతే వాచ్‌మన్ మరచిపోతాడు కనుక, ప్రతి 25 సెకన్లకు ఒక చిన్న కబురు పంపేలా అమర్చుకోవడం పరిపాటి. నకిరేకల్ యువకుడు ఈ మార్గమే ఎంచుకున్నాడు. ఒక సాయంత్రంలో పని పూర్తయింది. డైనమిక్ డి.ఎన్.ఎస్. ఖాతా అవసరమే రాలేదు.

1.10 పేరు ఎవరిది? తలుపు ఎవరిది?

సూచికలు మాట్లాడని ఇంకో విషయం ఉంది. ఉచితంగా వచ్చిన పేరు మనది కాదు. ఈ సేవకు మారుపేరుగా నిలిచిన డిన్ సంస్థ 2014 మేలో తన ఉచిత సేవను ఆపేసింది. అదే ఏడాది జూన్ 30న, హానికర సాఫ్ట్‌వేర్ వ్యాప్తిని అరికట్టే పేరుతో మైక్రోసాఫ్ట్ అమెరికా కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని, నో-ఐపి సంస్థకు చెందిన ఇరవైకి పైగా డొమైన్లను తన అధీనంలోకి తీసుకుంది. ఏ తప్పూ చేయని ఎందరో వాడకందారుల పేర్లు కూడా పనిచేయకుండా పోయాయి. కొద్ది రోజుల్లో డొమైన్లు తిరిగి వచ్చాయి. ఆ రోజుల్లో తమ రౌటర్‌ను తిప్పి తిప్పి చూసినవారికి లోపం ఇంట్లో దొరికే అవకాశమే లేదు.

రెండోది భద్రత. సూచిక "పోర్టు తెరవండి" అంటుంది, తెరిచాక ఎవరు రావచ్చో చెప్పదు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో లోబరుచుకుంది. అలాంటి యంత్రాలతోనే అక్టోబరు 21న డిన్ సంస్థ సర్వర్లపై దాడి జరిగి, పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. ఇంటి తలుపుకు పేరు పెట్టడం నేర్పిన సంస్థనే, తాళం లేని ఇళ్ల తలుపులు దెబ్బతీశాయి. పాస్‌వర్డ్ మార్చకుండా, అవసరం లేకుండా ఏ పోర్టూ తెరవకండి. రైతుల లెక్కలున్న కంప్యూటర్‌ను నేరుగా బయటకు తెరవడం కన్నా వైర్‌గార్డ్ వంటి మార్గం వెనుక ఉంచడం మేలు.

1.11 సారాంశం

డైనమిక్ డి.ఎన్.ఎస్. చిరునామా చెబుతుంది, దారి వేయదు. దారి ఉందని ముందే నమ్మి రాసిన సూచికలు, అడ్రసులు పంచుకునే కనెక్షన్ల కాలంలో పాఠకుడిని తప్పుదారి పట్టిస్తున్నాయి. ఊహను పైకి చెప్పడం, దాన్ని మొదటే పరీక్షించడం, తేడా చూపగల పరీక్షలనే వాడడం, వైఫల్యానికి కారణం పాఠకుడి చేతిలో లేని సందర్భాలను దాచకుండా చెప్పడం మంచి సూచిక లక్షణాలు. ఆ యువకుడు సబ్జెక్టు మార్చుకోలేదు. నా పాత జెరాక్స్ కాగితాన్ని మాత్రం నాకే తిరిగి ఇచ్చాడు. ఈ పాఠం దాని దిద్దుబాటు.

1.12 మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. మోడెమ్ బయటివైపు అడ్రసు 100.90తో మొదలై, వెబ్‌సైటు వేరే అంకె చూపితే మీరు ఏ నిర్ణయానికి వస్తారు?
2. ప్రోగ్రాం "గుడ్" అని జవాబిచ్చినా ఇల్లు చేరలేకపోవడానికి కారణమేమిటి?
3. ఇంటి వైఫై నుంచి చేసిన పరీక్షను ఎందుకు నమ్మకూడదు?

1.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. దోష నివారణ సూచికల్లోని మూడు లోపాలను ఉదాహరణతో విమర్శించండి.
2. మీ ఇంట్లోని ఏదైనా ఒక యంత్రంతో వచ్చిన సూచికను తీసుకుని, అది చెప్పకుండా నమ్మిన ఊహలను గుర్తించి, దాన్ని తిరగరాయండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. క్యారియర్ గ్రేడ్ నాట్ అవసరం ఎందుకు వచ్చింది?
2. ఉచిత హోస్ట్‌నేమ్‌పై ఆధారపడడంలోని ఇబ్బందులను వివరించండి.